చెక్కిన బోర్డు ఒక్క వానాకాలానికే పాడైతే తప్పు ఎక్కడుంది?

మీ ప్రశ్న చదివాను. ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఆరు నెలల కిందట 4 బై 8 అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్) కొన్నారు. తెలిసినవాళ్ల తోట గేటుకి 6 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తుతో "పార్థసారథి తోట" అని బోర్డు చేశారు. 18 మి.మీ. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమకి ఓర్చుకునేలా చెక్కపీచుని ఒత్తి చేసిన బోర్డు) మీద 60 డిగ్రీల వీ-బిట్‌తో (వీ ఆకారం మొన ఉన్న కోత బిట్టుతో) చెక్కి, వుడ్ ప్రైమర్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు కొట్టించారు. జూన్‌లో బిగిస్తే సెప్టెంబరుకల్లా అక్షరాల అంచులు ఉబ్బిపోయి పెయింటు పొరలు పొరలుగా లేచింది. ఇప్పుడు ఏ మెటీరియల్ వాడాలి, ఏ బిట్టు, ఏ పెయింటు, ఎంత తీసుకోవాలి అని అడుగుతున్నారు.

నేను పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, విజయవాడ దగ్గర. మొదటి మూడేళ్లలో మీకు జరిగినవన్నీ నాకూ జరిగాయి. అందుకే తిట్టను గానీ ఒకటి చెప్తాను. మీ మెషీన్‌లో తప్పేం లేదు, ఫొటోలో కోత శుభ్రంగానే ఉంది. చెక్కడం అంటే చెక్కకి గాయం చేయడం. లోపలి మాంసం బయటపడుతుంది. మెషీన్ ఆ గాయం చేసి తన దారిన తను పోతుంది. దాన్ని మూసే బాధ్యత మనది. మీరు పైన పెయింటు వేశారు తప్ప గాయం మూయలేదు.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ సంగతి చూడండి. అది వంటింటి కప్‌బోర్డుల కోసం చేసిన బోర్డు. తేమకి ఎండీఎఫ్ (మామూలు చెక్కపీచు బోర్డు) కన్నా బాగా ఓర్చుకుంటుంది, అంతే. తేమ వేరు, నాలుగు నెలల వాన వేరు. పైగా ఇలాంటి బోర్డుల్లో పైపొర గట్టిగా, నున్నగా ఉంటుంది, మధ్యభాగం దానికన్నా గుల్లగా ఉంటుంది. మీరు చెక్కినప్పుడు తెరిచింది ఆ గుల్ల భాగాన్నే. అది బ్లాటింగ్ పేపరులా ప్రైమర్‌ని పీల్చేసుకుని పైన పలచటి పొర మిగిల్చింది. వాన పడగానే నీళ్లు అక్కడినుంచే దూరాయి. మీ అక్షరాల గీత వెడల్పు 16 మి.మీ. దాకా ఉందన్నారు. 60 డిగ్రీల బిట్టుతో ఆ వెడల్పుకి దాదాపు 14 మి.మీ. లోతు వెళ్తుంది. 18లో 14 పోతే వెనక మిగిలింది 4 మి.మీ. ఆ వెనకవైపు ఒక్క కోటు కూడా వేయలేదని మీరే రాశారు. అంటే ముందునుంచీ వెనకనుంచీ రెండువైపులా నీళ్లకి దారి ఇచ్చారు.

బయట పెట్టే చెక్కుడు బోర్డుకి మన ప్రాంతంలో నేను నమ్మేవి రెండే: టేకు చేవ (మాను లోపలి ముదురు చెక్క), లేదా మంచి సాంద్రత ఉన్న డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్). అమెరికాలో బోర్డులు చేసేవాళ్ల వీడియోలు చూసి చాలామంది హెచ్‌డీయూ ఫోమ్ (గట్టి ప్లాస్టిక్ నురుగు పలక) ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. అది నిజంగానే ఈ పనికి గొప్ప మెటీరియలే గానీ మన టింబర్ డిపోల్లో దొరికే సరుకు కాదు, తెప్పించుకుంటే టేకు ధర దాటిపోతుంది. మెరైన్ ప్లై కూడా అడుగుతారు. ప్లైని అతికించిన జిగురు నీటికి తట్టుకుంటుంది, అది నిజమే. కానీ చెక్కితే ప్రతి పొర అంచూ బయటపడుతుంది. ఒక పొర నిలువు పీచు, ఇంకో పొర అడ్డం పీచు, మధ్యలో ఎక్కడో ఖాళీ. అక్షరం వాలు మీద చారలు చారలుగా కనిపిస్తుంది, ఎంత లప్పం పెట్టినా దాగదు. కోసి అతికించే అక్షరాలకి వెనక పలకగా ప్లై బాగుంటుంది, చెక్కడానికి వద్దు.

డబ్ల్యూపీసీ అంటే పేరులో చెక్క ఉంది గానీ బజారులో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా కొద్దిగా చెక్కపొడి కలిపిన పీవీసీ ఫోమే. నీటికి ఉబ్బదు, చెదపట్టదు. సాంద్రత అడిగి కొనండి. 0.5 అని చెప్పేది మెత్తగా ఉండి అక్షరం అంచులు నలుగుతాయి, 0.6 ఆపైన ఉంటేనే చెక్కుడు అంచు నిలబడుతుంది. దీనికి శత్రువు ఎండ. పీవీసీ వేడికి బాగా సాగుతుంది. 6 అడుగుల ముక్క తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నం ఎండకీ మధ్య 4 మి.మీ. దాకా పొడవు మారుతుంది. నాలుగు మూలలా బిగుతుగా స్క్రూలు కొడితే మధ్యలో విల్లులా వంగుతుంది. ముదురు రంగు వేసి పడమటి గోడకి పెడితే ఇంకా తొందరగా వంగుతుంది. కాబట్టి డబ్ల్యూపీసీకి తెలుపో, లేత రంగో నేపథ్యం పెట్టి, అక్షరాలు మాత్రం ముదురుగా ఉంచండి.

తోట గేటుకి నన్నడిగితే టేకే చేస్తాను. అంగుళంన్నర మందం. ఒకే వెడల్పాటి పలక దొరికిందని మురిసిపోకండి, అదే ముందు వంగేది. 3, 4 అంగుళాల పట్టీలు కోయించి అతికించండి. తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే లేత భాగం) ఒక్క అంగుళం కూడా రానివ్వకండి. డిపోవాడు "చేవే సార్, పాలిష్ చేస్తే కలిసిపోతుంది" అంటాడు. రంగు కలుస్తుంది, బతుకు కలవదు. పురుగూ బూజూ మొదట పట్టేది అక్కడే. చెక్క తేమ కొలిచే పిన్నుల మీటరు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. తేమ 12 నుంచి 14 శాతం చూపిస్తే పని మొదలుపెట్టండి. 20 చూపిస్తే ఎంత తొందర ఆర్డరైనా సరే, నీడలో సందులు వదిలి పేర్చి ఆగండి. టేకులో నూనె ఉంటుంది, అందుకే అతుకు విడిపోతుంది. జిగురు రాసే ముందు ఆ అంచుల్ని ఎసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే అతికించాలి. నేను వానకి తగిలే అతుకులకి ఎపాక్సీ వాడతాను. మామూలు తెల్ల జిగురు వద్దు.

ఎంత ఎండిన టేకైనా వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది. పొడవు మారదు, పీచుకి అడ్డంగా వెడల్పు మారుతుంది. తేమలో 4 శాతం తేడా వస్తే 2 అడుగుల వెడల్పు పలక 4 మి.మీ. దాకా కదులుతుంది. డబ్ల్యూపీసీ పొడవునా కదులుతుంది, టేకు ఎత్తునా కదులుతుంది. బిగించేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అక్షరాలు. మీ బోర్డులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఉబ్బిన పెయింటు కాదు. ఫొటోలో "పార్థసారథి" కాస్తా "పార్ధసారధి" అయిపోయింది. జనం సగంమంది అలాగే రాస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకుని ఉండరు. కానీ మీ ఫైలులో సరిగ్గానే ఉంది, బోర్డు మీద తప్పయింది. థ లోపలి చుక్క పోయింది. "రథి"లో ఉన్న పెద్ద థలో ఆ చుక్క సన్నగా పడి ప్రైమర్‌తో పూడుకుపోయింది. ర కింద ఉన్న థ ఒత్తులో అయితే అసలు పడనే లేదు. ఒత్తు పెద్ద అక్షరంలో సగం ఉంటుంది, దానిలో చుక్క 3 మి.మీ. కూడా ఉండదు. అంత చిన్న చుక్క టూల్‌పాత్‌లో (బిట్టు నడిచే దారిలో) జారిపోయినా సాఫ్ట్‌వేర్ మాట్లాడకుండా వదిలేస్తుంది. ఇంగ్లిషు అక్షరాలతో నేర్చుకున్నవాళ్లకి ఈ ప్రమాదం తెలియదు. తెలుగులో ఒక చుక్క పోతే థ కాస్తా ధ, కింద చిన్న గీత కూడా పోతే ద. ఠ, ఫ, ష ఉన్న పేర్లు కూడా అంతే. టూల్‌పాత్ వేశాక ప్రివ్యూలో ప్రతి ఒత్తునీ పెద్దది చేసి చూడటం ఒక అలవాటుగా పెట్టుకోండి. చుక్క చిన్నదైతే ఫాంటుని అలాగే వదలకుండా నోడ్స్ (గీత మలుపుల్లోని బిందువులు) పట్టుకుని ఆ చుక్కని పెంచండి. పాతకాలం బోర్డులు రాసే ఆర్టిస్టులు కుంచెతో ఈ పని తెలియకుండానే చేసేవాళ్లు. ఒత్తుని కొంచెం లావుగా, చుక్కని కొంచెం పెద్దగా రాసేవాళ్లు, దూరంనుంచి చూస్తే సరిపోయేది.

ఫైలు తయారీ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. డీటీపీ వాళ్ల దగ్గరనుంచి వచ్చే "అను" ఫాంట్ల (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఫైలు మీ కంప్యూటర్‌లో అదే వెర్షన్ లేకపోతే కలగాపులగం అవుతుంది. కర్వులుగా మార్చి ఇవ్వమని అడగండి. మీరే టైపు చేసుకుంటే యూనికోడ్‌లో చేసుకోండి. సురవరం, రామభద్ర, తిమ్మన, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. నా దగ్గరున్న చెక్కుడు సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే ఒత్తులు పక్కకి జారి కూర్చుంటాయి. అందుకని ఇంక్‌స్కేప్‌లోనో కోరల్‌లోనో టైపు చేసి, పాత్‌గా మార్చి, ముక్కలన్నీ వెల్డ్ చేసి (కలిపి ఒకే ఆకారం చేసి) అప్పుడు తెచ్చుకుంటాను. వెల్డ్ చేయకపోతే గుడి, కొమ్ము అక్షరం మీదకి ఎక్కిన చోట వీ-బిట్ అక్షరం మధ్యలో ఒక గీత గీసి వెళ్తుంది. ఇంకొకటి, "రాజ్‌కుమార్" అని ఉండాల్సింది "రాజ్కుమార్" అయిపోవడం. రెండు హల్లుల మధ్య జతకాకుండా ఆపే గుర్తు పెట్టకపోతే క జ కింద ఒత్తుగా వెళ్లిపోతుంది. ఇంటిపేరు ఇలా చెక్కితే ఓనరు మొహం చూడలేం. నేను కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, ఇంట్లో పెద్దవాళ్లెవరితోనైనా చదివించి, సంతకం పెట్టించుకున్నాకే మెషీన్ ఆన్ చేస్తాను.

సైజు లెక్క కూడా తెలుగుకి వేరు. అందరూ చెప్పే కొండగుర్తు, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. రోడ్డు మీద వెళ్లే బండికి 100 అడుగుల దూరంలో కనిపించాలంటే 10 అంగుళాల అక్షరం కావాలి. మీరు బోర్డు 2 అడుగులుంది కదా అని మూడు వరుసలు పెట్టారు. కానీ ఆ 10 అంగుళాలు లెక్కపెట్టాల్సింది అక్షరం ఒంటికి. పైన గుడి, కింద ఒత్తు కలిపి కాదు. ఒత్తులున్న వరుసకి ఒంటికి దాదాపు రెట్టింపు చోటు పడుతుంది. 2 అడుగుల బోర్డులో ఒక పెద్ద వరుస, కింద ఊరిపేరు చిన్నగా, అంతే పడతాయి. ఫోను నంబరు చెక్కొద్దు. నంబరు మారుతుంది, బోర్డు మారదు. విడిగా చిన్న పలక వేలాడదీయండి.

ఇక బిట్టు. వీ-బిట్‌లో లోతు మీరు ఇచ్చేది కాదు, గీత వెడల్పు నిర్ణయిస్తుంది. 90 డిగ్రీల బిట్టుకి వెడల్పులో సగం లోతు. 60కి వెడల్పులో 0.87 వంతు. 120కి 0.29 వంతు. 40 మి.మీ. లావు గీత ఉన్న అక్షరాన్ని తీసుకోండి. 60 డిగ్రీలతో దాదాపు 35 మి.మీ. లోపలికి వెళ్తుంది, అంగుళంన్నర టేకుని కూడా చీల్చినంత పని. 90తో 20. 120తో పదకొండున్నర. రామభద్ర లాంటి లావు ఫాంట్లకి 120 వాడండి, లేదా 90తో లోతుకి హద్దు పెట్టి అడుగు చదునుగా తీయండి. సన్నవీ లావువీ గీతలు కలిసిన, కుంచె రాతలాంటి అక్షరాలకి 60 లేదా 90 అందంగా పడుతుంది, నీడ బాగా తేలుతుంది.

120కి ఒక చిక్కు ఉంది. పలక ఉపరితలం ఒకచోట అర మి.మీ. ఎత్తు తగ్గినా గీత వెడల్పు 1.7 మి.మీ. మారిపోతుంది. 90కి 1 మి.మీ., 60కి 0.6 మారుతుంది. అందుకే అతికించిన టేకు పలకని బెడ్ మీద పెట్టగానే చెక్కడం మొదలుపెట్టకూడదు. ముందు పెద్ద సర్ఫేసింగ్ బిట్టుతో మొత్తం ముఖాన్ని ఒక పొర తీయండి. ఆ తర్వాత సీలరూ నేపథ్యం రంగూ వేసి (ఆ వరుస కింద చెప్తాను), పలకని తిరిగి అదే చోట పెట్టి, కొత్తగా జెడ్ జీరో (బిట్టు ఎత్తుకి సున్నా గుర్తు) తీసుకుని చెక్కండి. మీ రెండో ఫొటోలో "తోట" అనే మాట ఎడమనుంచి కుడికి లావెక్కుతూ పోయింది చూశారా, కారణం అదే.

వేగం విషయంలో కొత్తవాళ్లు భయపడి ఫీడ్ (బిట్టు ముందుకి నడిచే వేగం) తగ్గించి స్పిండిల్ (బిట్టుని తిప్పే మోటారు) ఫుల్లుగా తిప్పుతారు. 24,000 తిప్పుడుకి నిమిషానికి 800 మి.మీ. ఇస్తే రెండు అంచుల బిట్టు ఒక్కో అంచుకి 0.017 మి.మీ. మాత్రమే తీస్తుంది. అది కోత కాదు, రుద్దుడు. చెక్క మాడుతుంది, బిట్టు పదును పోతుంది. టేకులో సన్నటి ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది బిట్టుని అసలే తినేస్తుంది. 6 మి.మీ. బిట్టుకి 18,000, ఫీడ్ 3,000 దగ్గర మొదలుపెట్టి శబ్దం విని సర్దుకోండి. పొట్టు పిండిలా కాకుండా రవ్వలా పడాలి. వీ-బిట్‌ని ఒకేసారి పూర్తి లోతుకి దించకుండా చివరి పాస్‌కి అర మి.మీ. వదలండి. ఆ చివరి పాస్‌తో వాలు నున్నగా వస్తుంది, గరుకు కాగితం పని సగం తగ్గుతుంది. అక్షరం వాలుని కాగితంతో ఎక్కువ రుద్దితే పదునైన అంచు గుండ్రమైపోతుంది. చెక్కిన బోర్డుకి అందమే ఆ అంచు.

అక్షరాలు చెక్కకుండా కోసి అతికిస్తే ఎలా ఉంటుందన్నారు. బాగుంటుంది, కానీ ప, స, హ లాంటి అక్షరాలకి తలకట్టు ఒంటికి అంటుకుని ఉండదు. ఒత్తులు విడి ముక్కలు. "పార్థసారథి" కోస్తే చేతికి ఎన్ని ముక్కలు వస్తాయో ఒకసారి లెక్కపెట్టండి. ప్రతి ముక్కకీ వెనక కనీసం రెండు స్టడ్లు (గోడలోకి దిగే కడ్డీలు) కావాలి. అదే మెషీన్ మీద 3 మి.మీ. ఎండీఎఫ్‌కి రంధ్రాల టెంప్లేటు కోసి గోడమీద పెట్టి డ్రిల్ చేస్తేనే ముక్కలు సరైన చోట కూర్చుంటాయి. కంటి అంచనాతో బిగిస్తే తలకట్టు ఎగిరిపోయినట్టుంటుంది.

పెయింటు దగ్గరికి వద్దాం. ఆర్డర్లో సగం కష్టం ఇక్కడే ఉంది, ఇక్కడే అందరూ తొందరపడతారు. ఎనామిల్ గ్రిల్లుకి, కిటికీకి సరే. ఎండలో ఏడాదిలో పొడి రాలుతుంది, పెళుసెక్కి చెక్క కదలికకి పగుళ్లిస్తుంది. మెలమైన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ ఇంటి లోపలి ఫర్నిచర్‌కి వేసేవి. బయటికి రెండు డబ్బాలు కలిపే 2కే పీయూ (పాలీయూరిథేన్ పెయింటు) వాడండి. మా ఫర్నిచర్ పెయింటర్లకన్నా ఈ పని ఆటోనగర్‌లో కార్లకి పెయింటు వేసేవాళ్లకి బాగా తెలుసు. నేను సీలింగ్ దాకా నా దగ్గరే చేసి, పై రంగు మాత్రం వాళ్లతో గన్ కొట్టిస్తాను. ఎండకీ వానకీ కారు బానెట్ ఎన్నేళ్లు నిలబడుతుందో మీకు తెలుసు.

వరుస ఇలా ఉంటుంది. చెక్కకముందే పలకకి ముందు, వెనక, నాలుగు అంచులకి పీయూ సీలర్. పీచుకి అడ్డంగా కోసిన చివరలకి ఇంకో రెండు కోట్లు, అక్కడ చెక్క గొట్టాల్లా నీళ్లు పీలుస్తుంది. తర్వాత నేపథ్యం రంగు, దాని మీద మాస్కింగ్ వినైల్ (రంగు అంటకుండా అతికించే ప్లాస్టిక్ షీటు). ఆ వినైల్‌తో సహా చెక్కేయండి. ఇప్పుడు గాయం తెరుచుకుంది. సీలర్‌ని తిన్నర్‌తో సగానికి సగం పలచన చేసి చిన్న కుంచెతో అక్షరాల లోపలికి తాగించండి. ఆరాక మళ్లీ, 320 నంబరు గరుకు కాగితంతో మెల్లగా గీకి మూడోసారి. గోరుతో గీస్తే చెక్క కాకుండా గాజులా తగలాలి. ఆ తర్వాతే అక్షరం రంగు. అంచుల్లో రంగు వినైల్ కిందికి పాకుతుందని చాలామంది గోల. దానికి చిట్కా ఒకటే. రంగు వేసే ముందు ఒక పలచటి క్లియర్ కోటు వేయండి. పాకాల్సింది ఏమైనా ఉంటే క్లియర్ పాకి సందు మూసేస్తుంది, రంగుకి దారి ఉండదు. రంగు పూర్తిగా గట్టిపడకముందే, చేతికి అంటని దశలో వినైల్‌ని వెనక్కి మడుస్తూ లాగండి.

వానరోజు గన్ పట్టొద్దు. 2కే హార్డెనర్ తేమతో కలిస్తే బుడగలు తేలుతాయి. ఇంకా ముఖ్యం, ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే, ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనం ఉంటుంది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టే పెయింటర్లని చూస్తే నాకు టెన్షన్. కనీసం ఆవిరిని వడకట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొనివ్వండి. టేకు పొడికి కూడా కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, మా దగ్గర ఒక కుర్రాడు ఆ కారణానికే పని మానేశాడు.

"టేకు టేకులాగే కనపడాలి, రంగు వద్దు" అనే కస్టమర్లు వస్తారు. క్లియర్ పొర పారదర్శకం కాబట్టి ఎండ దాన్ని దాటి చెక్కని తాకుతుంది. కింద చెక్క పైపొర చచ్చి పొడి అయిపోతుంది, అప్పుడు పైన క్లియర్ ఎంత మంచిదైనా పొలుసులా లేస్తుంది. ఏడాదికో రెండేళ్లకో గీకి మళ్లీ కొట్టాలని ముందే కాగితం మీద రాసివ్వండి. లేదంటే పొరకట్టని నూనె ఫినిష్ ఇవ్వండి. రంగు వెలుస్తుంది గానీ లేవదు, ఇంటివాళ్లే గుడ్డతో మళ్లీ రాసుకోవచ్చు.

బంగారు రంగు గురించి నా సొంత కథ. బాపట్ల వైపు సముద్రానికి దగ్గర్లో ఒక గుడికి పెద్ద టేకు బోర్డు చేశాను. అక్షరాలకి డబ్బాలో దొరికే బంగారు పొడి వార్నిష్‌లో కలిపి వేశాను. బిగించిన రోజు దణ్ణం పెట్టుకునేలా ఉంది. ఏడాది తిరక్కుండానే గోధుమరంగై, అక్కడక్కడా పచ్చబడింది. ఆ పొడి రాగి, జింకు కలిసిన ఇత్తడే, ఉప్పుగాలికి నల్లబడక ఏం చేస్తుంది? డబ్బులు వెనక్కి ఇవ్వలేదు గానీ బోర్డు దింపి నా ఖర్చుతో మళ్లీ చేశాను, ఈసారి అసలు బంగారు రేకుతో. ఆయిల్ సైజ్ (రేకు అతికించే నూనె జిగురు) పూసి, వేలి వెనకతో తాకితే కీచుమనే దశ వచ్చాక రేకు పరచాలి. నిజమైన రేకు మీద క్లియర్ వేయొద్దు. బంగారానికి రక్షణ అక్కర్లేదు, పైన వేసిన క్లియరే ముందు పాడై దాన్ని లాక్కుపోతుంది. అంత ఖర్చు పెట్టలేని ఆర్డర్లకి కారు పెయింటులో వచ్చే మైకా గోల్డ్ వేస్తున్నాను. దాంట్లో రాగి ఉండదు, నల్లబడదు. మెరుపు మాత్రం రేకుది కాదు.

రంగుల్లో ఎరుపు, ముఖ్యంగా చవక ఎరుపు, తొందరగా వెలుస్తుంది. తెలుపు, నలుపు, ముదురు నీలం, ఇటుకరంగు ఎర్రమట్టి నిలబడతాయి. తోటకైతే ముదురాకుపచ్చ మీద తెలుపు చెప్తాను. పచ్చటి చెట్ల మధ్య ఆకుపచ్చ బోర్డు కలిసిపోదా అంటారు. అక్షరం తెల్లగా ఉంటే చాలు, బోర్డు కలిసిపోయినా ఫర్వాలేదు.

బిగింపు. టేకుకి పై వరుస రంధ్రాలు గుండ్రంగా, కింది వరుస నిలువు గాడిలా పెట్టండి, చెక్క కిందికి కదులుతుంది. డబ్ల్యూపీసీకి మధ్య రంధ్రం గుండ్రం, పక్కవి అడ్డంగా గాళ్లు. రంధ్రాలు సీలింగ్‌కి ముందే వేసి, లోపలికి కూడా సీలర్ పోయండి. మీ బోర్డులో స్క్రూల చుట్టూ కూడా ఉబ్బు ఉంది చూడండి. ఇనుప స్క్రూలు వద్దు, తుప్పు చార కారి టేకుని నల్లగా చేస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు, సముద్రం దగ్గరైతే 316 రకం. గోడకీ బోర్డుకీ మధ్య 15, 20 మి.మీ. స్పేసర్ పెట్టండి, వెనక గాలి ఆడాలి. పై అంచు చదునుగా వదలకుండా నీళ్లు జారేలా ముందుకి వాలు తీయండి. చదును అడుగుతో చెక్కిన అక్షరాలకి కింది అంచు గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది, ఆ గట్టుకి కూడా కొంచెం వాలు ఇస్తే మంచిది.

గేటు మీద, రెండు స్తంభాల మధ్య వేలాడే పెద్ద బోర్డయితే గాలి లెక్క చూడండి. గాలి భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడ ప్రాంతానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు తీసుకుంటారు. ఆ వేగానికి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల తోపు. 8 బై 4 అడుగుల బోర్డు అంటే 3 చదరపు మీటర్లు, 450 కిలోలు. తుపాను రోజున ఆ బరువు మీ నాలుగు స్క్రూల మీద పడుతుంది. అలాంటివాటికి వెనక ఫ్రేము వెల్డింగ్ వాళ్లతో చేయించండి, మనం చేసేది ముఖం మాత్రమే.

రేటు ఎంత అంటే నేను అంకె చెప్పను, మీ ఊరి టేకు ధర, మీ ఈఎంఐ నాకు తెలియవు. కానీ చదరపు అడుగు లెక్కన చెప్పకండి. ఫ్లెక్సీ వాళ్లు అలా చెప్తారు కాబట్టి కస్టమరు అలా అడుగుతాడు, మీరు ఆ మాటకి దిగగానే ఫ్లెక్సీతో పోటీ మొదలవుతుంది. 6 బై 2 టేకు బోర్డుకి నాకు మెషీన్ మీద సర్ఫేసింగుతో కలిపి మూడు గంటలు పడుతుంది. జిగురు, సీలింగ్, రంగు, ఆరబెట్టడం కలిపి వారం. మెషీన్ గంటలకి ఒక రేటు, చేతిపని రోజులకి ఒక రేటు, సరుకు విడిగా, బిగింపు విడిగా రాసివ్వండి. మొదటి ఏడాది మీరు వారం పనిని మర్చిపోయి మూడు గంటలకే డబ్బులు తీసుకుంటారు, నేనూ అదే చేశాను.

ఇప్పుడున్న బోర్డుని గీకి మళ్లీ పెయింటు వేస్తే నిలుస్తుందా అని చివర్లో అడిగారు. నిలవదు. ఒకసారి ఉబ్బిన ఇలాంటి పీచు బోర్డు మళ్లీ కుదించుకోదు. ఓనరుకి నిజం చెప్పి, సరుకు ఖర్చు మాత్రం తీసుకుని టేకులో చేసిచ్చేయండి. పాతదాన్ని దింపాక పారేయకండి. స్తంభాల మీద రంధ్రాలు ఆ బోర్డు ప్రకారమే ఉన్నాయి కదా, కొత్త పలకకి రంధ్రాలు గుర్తుపెట్టుకోవడానికి అదే టెంప్లేటు. కొత్తది చెక్కే ముందు థ ఒత్తులో చుక్క ఒకసారి చూసి, ప్రివ్యూ ఫొటో ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.